తూర్పు సగం కప్పు

పోయిన వారం మా ఆఫీసులో రెండు రోజులు క్లాసులు జరిగాయి. బయటి ఊరి నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి, నల్లబల్ల మీద ఐదు మాటలు రాసి, కర్రతో ఒక్కొక్కదాన్నీ పొడుస్తూ చెప్పాడు. మొదటిది, పని ఎంతవరకు. రెండోది, దేని తర్వాత ఏది. మూడోది, ఎన్ని రోజులు. నాలుగోది, ఎవరి బాధ్యత. ఐదోది, పూర్తయిందని ఎవరు తేలుస్తారు. ఈ ఐదూ ముందే తెలిస్తే ఏ ప్రాజెక్టూ గాడి తప్పదన్నాడు. నేను నోటుపుస్తకంలో వరుసగా రాసుకున్నాను. దేన్నయినా వరుసగా రాసుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు. చివర్లో ఒక్కొక్కరికీ ఒక అచ్చు ఫారం ఇచ్చాడు. మీరు చేయించిన పని ఏదైనా ఒకటి తీసుకుని, ఐదు గడులూ నింపి సోమవారానికి ఇవ్వండన్నాడు.

రెండో రోజు సాయంత్రం శాలిబండ మీదుగా సైకిల్ మీద వస్తుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"ఓ ఓవర్సీర్ సాబ్! జర ఆగు!"

పోశమ్మ. నాలుగేళ్ల కింద నా పని మీద పైకప్పు గచ్చు కొట్టిన ఆడవాళ్ల జట్టుకు పెద్ద. నెత్తి మీద ఖాళీ తట్ట, చేతిలో ఇంటికి పట్టుకెళ్తున్న జొన్నపిండి మూట.

"పెద్ద మేస్త్రి పోయిండు సారూ. పన్నెండు దినాలైంది. నిన్ననే దినాలు జేసిండ్రు."

"ఏమైంది? ఎట్ల పోయిండు?"

"ఎట్ల పోతడు? పని లేకుంట పోయిండు." అంతే అని, తట్ట సర్దుకుని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. జేబులోని నోటుపుస్తకం మీద కోపం. ఆ ఐదు మాటలూ నిన్ననే ఎవరో కనిపెట్టినట్టు చాయ్, బిస్కెట్లు పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టిన ఆఫీసు మీద కోపం. ఆ ఐదింటినీ ఒక సుతిలి తాడు మీద నడిపిన మనిషిని ఇదే ఆఫీసు పనిలోంచి వెళ్లగొట్టింది. వెళ్లగొట్టిన కాగితం రాసింది నేను. కాబట్టి ఈ కోపంలో నా వాటా చిన్నదేం కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మరిచిపోయి కాదు. ఆ పేరు సర్కారు కాగితాల్లో ఒకే ఒక్క చోట ఉంది, ఆ చోటు మంచిది కాదు. దాన్ని ముందు ఇంకొక చోట రాయాలి. మిగతా చోట్లన్నీ ఆ తర్వాతే.

ఆయన గచ్చు కప్పుల మేస్త్రీ. ఇనుప దూలాల మీద ఇటుక పరిచి, గానుగ సున్నంలో ఇటుక కంకర కలిపి నాలుగంగుళాల మందాన పోసి, ఆడవాళ్ల చేత చెక్కలతో రోజుల తరబడి కొట్టించి గట్టిపరిచే కప్పు. పాతబస్తీలో సగం ఇళ్ల నెత్తిన ఉన్నది అదే. మనిషి పొడుగు, వీపు కాస్త వంగి ఉండేది. ఎడమ బొటనవేలి గోరు సున్నానికి పాలిపోయి పింగాణీ ముక్కలా ఉండేది. తెల్ల ధోవతి మీద, ఏ పెద్దింటి వాళ్లో విడిచిన నల్ల షేర్వానీ ఒకటి తొడుక్కునేవాడు. దానికి ఆరు గుండీలుండాలి, రెండున్నాయి. అది ఆఫీసర్లు వచ్చే రోజుకు మాత్రమే. వాళ్ల జీపు గల్లీ మలుపు తిరగ్గానే విప్పి మేకుకు తగిలించి, "బడా సాబ్ పోయిండు, ఇగ పని జేద్దాం పాండ్రి" అనేవాడు.

కనిపించిన ప్రతిదాన్నీ వేలి కణుపుతో కొట్టి వినేవాడు. గోడ, నీళ్ల కూజా, తలుపు చెక్క, బండి మీంచి దింపుతున్న ఇటుక. కొట్టి, తల ఎడమకు వంచి, ఒక్క క్షణం ఆగేవాడు. పుచ్చకాయ కొనేవాళ్లు ఆగుతారే, అలా. పని మొదలైన రెండో రోజున నా నెత్తి మీది సోలా టోపీని కూడా కొట్టి చూశాడు.

"బోలుగున్నది సాబ్. లోపల గాలి మంచిగ ఆడుతది."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు. నేను నవ్వలేదు.

ఆ పని ఒక సర్కారు దవాఖానలో కాన్పుల వార్డు. శాలిబండకూ ఫలక్‌నుమాకూ మధ్య ఒక గల్లీలో. ఒకటే పొడుగాటి హాలు, నడుమ అడ్డంగా ఒక పెద్ద దూలం. దూలానికి తూర్పున ఆరు మంచాలు, పడమట ఆరు మంచాలు. అంతకుముందు ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు నొప్పులొస్తే టాంగాల్లో నయాపూల్ వంతెన దాటి పెద్ద దవాఖానకు పోవాల్సి వచ్చేది. కొందరు దాటకముందే కనేవారు.

ఆయన సుతిలి తాడు గురించి చెప్పాలి. పని చోట రెండు గుంజల మధ్య ఛాతీ ఎత్తులో ఒక తాడు కట్టేవాడు. పనిలో ఉన్న ప్రతి జట్టూ దాని మీద తమ గుడ్డపీలిక ముడి వేయాలి. గోడల వాళ్లది ఎరుపు, వడ్రంగిది పసుపు, సున్నం గానుగ వాళ్లది తెలుపు, కప్పు కొట్టే వాళ్లది పోశమ్మ పాత చీర అంచు. ముడికీ ముడికీ మధ్య ఎన్ని జానలుంటే అన్ని రోజులు. ఎవరి ముడి వాళ్లే వేయాలి. ఆయన వేసేవాడు కాదు, నన్ను వేయనిచ్చేవాడు కాదు.

"పని జేసేటోల్లు దినాలు చెప్పాలె సాబ్. నేను చెప్తె అది నా మాట అయితది. వాల్లు చెప్తె వాల్ల మాట అయితది. వాల్ల మాటను వాల్లే కాపాడుకుంటరు."

విప్పడం ఇంకా విచిత్రం. ముడి వేసినవాడు దాన్ని విప్పకూడదు. తర్వాతి పని ఎవరిదో వాళ్లే విప్పాలి. గోడ ముడిని వడ్రంగి విప్పుతాడు, తలుపు చౌకట్టు నిలబెట్టి చూసుకున్నాక. వడ్రంగి ముడిని తలుపుకు రంగు వేసేవాడు విప్పుతాడు. ఒకసారి వడ్రంగి, గోడ మూలమట్టానికి రాలేదని మూడు రోజులు ఎర్రముడి విప్పలేదు. గోడల వాళ్లు లొల్లి పెట్టారు. మేస్త్రీ వాళ్లకు పనిలోకి రమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. తాడు వైపు చెయ్యి చూపించి బీడీ వెలిగించుకున్నాడు. నాలుగో రోజున వాళ్లే గోడ విప్పి మళ్లీ కట్టారు.

"మరి కప్పు ముడి ఎవరు విప్పుతరు మేస్త్రీ? దాని పైన ఇంకో పని లేదు గద," అని ఒకరోజు అడిగాను. ఇరికించాననుకున్నాను.

ఆయన పైకి చూశాడు. "దాని పైన వానున్నది గద సాబ్."

నా దగ్గర తాడు లేదు, పటం ఉంది. మలక్‌పేటలో మా ఇంటి వసారాలో డ్రాయింగు బల్ల మీద నాలుగు రోజులు కూర్చుని గీశాను. నిలువుగా పనులు, అడ్డంగా తేదీలు, ప్రతి పనికీ ఒక రంగు పట్టీ. కాలేజీలో నేర్చుకున్నది అక్షరం పొల్లుపోకుండా దించాను. అంచుల్లో ఒక్క చెరుపు మచ్చ లేదు. దాన్ని గోడకు కొట్టి అందర్నీ పిలిచి, ఇది మన ప్రాజెక్టు, ఇది మన ప్రోగ్రాం అని చెప్పాను.

"ప్రాజెక్టంటె డ్యాం కాదా సాబ్? గీ కప్పు గూడ ప్రాజెక్టేనా?"

"ఏదైనా ప్రాజెక్టే మేస్త్రీ. ఒక మొదలు, ఒక ముగింపు ఉండాలె. ఒక్కసారి చేసేది. మల్ల మల్ల చేసేది కాదు."

తల వంచి ఆలోచించాడు. "అంటె పెండ్లి."

"ఏంది?"

"మొదలున్నది, ముగింపున్నది, ఒక్కసారే. పెండ్లి ప్రాజెక్టు. కాపురం కాదు. కాపురం రోజు చేసేది." పోశమ్మ వైపు తిరిగాడు. "ఏమే, నీ మొగనికి చెప్పు, ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయిందని."

"ఆడు ప్రాజెక్టుల గూడ సరిగ పని జెయ్యలే పో," అంది పోశమ్మ.

క్లాసులో ఆ ఆఫీసరు ప్రాజెక్టుకూ రోజువారీ పనికీ తేడా చెప్పడానికి ముప్పావుగంట తీసుకున్నాడు. నేను గడియారం చూశాను.

ఆ నవ్వులయ్యాక మేస్త్రీ నా పటం దగ్గరికి వచ్చి, కణుపుతో కొట్టి విన్నాడు.

"ఇంత పెద్ద పటంల పీర్లు యాడ కూసున్నరు సాబ్?"

"పీర్లేంది?"

"వచ్చే నెల పీర్లు లేస్తయి గద. మన పడమటి గోడకు ఆనుకోని పీర్ల కొట్టమున్నది. ఆ పది దినాలు కప్పు కొట్టరు."

"ఎవరు వద్దంటరు? నేను పోయి మాట్లాడుత."

"ఎవ్వలు వద్దనరు. వీల్లే కొట్టరు. పోశమ్మ బిడ్డ బతికితె ఆడనే మొక్కు చెల్లిచ్చింది. కప్పు కొట్టుడంటె పాట సాబ్. పాట లేకుంటె ఇరువై చేతులు ఒక్కసారి లేవయి. ఆ పది దినాలు ఆ గోడ పక్కన వీల్లు పాట వాడరు."

"గవర్నమెంటు పనికి పండుగల లెక్క ఉండదు మేస్త్రీ."

ఆయన నన్ను కాస్త జాలిగా చూశాడనుకుంటాను. "లెక్కల రాయకపోతె పీర్లు లేవకుంట ఉంటయా సాబ్?"

పీర్ల పండుగ ఎప్పుడో నాకు తెలియక కాదు. ఈ ఊళ్లో పుట్టినవాణ్ని, చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఊదు పొడి వేయడానికి వెళ్లినవాణ్ని. కానీ దానికీ కప్పుకూ సంబంధం ఉంటుందని నా పటానికి తెలియదు. పటానికి తెలియనిది ఆ వయసులో నాకూ తెలియదు. మరునాడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు పటం చూసి, ఎంతో ముచ్చటపడి, "అడ్డంకులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. "లేవు సార్" అన్నాను. ఆ సమాధానం మీద ప్రారంభోత్సవం తేదీ పెట్టారు. కార్డులు అచ్చయ్యాయి. ఎవరో పెద్దమనిషి వస్తారట.

తూర్పు సగం కప్పు పీర్లు లేవకముందే వేశారు. సున్నం పోసిన మరునాటి నుంచి తొమ్మిది రోజులు కొట్టారు. రెండు వరుసల్లో ఇరవై మంది ఆడవాళ్లు గొంతుక్కూర్చుని, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ, చెక్కలు ఒకేసారి లేచి ఒకేసారి పడుతూ. బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు మధ్యమధ్య చల్లేవారు. ఏడో రోజున నాకు అంతా రాయిలా కనిపించి, చాలు కదా అన్నాను. ఆయన ఒక చెక్క తీసుకుని కొట్టి, "చెక్క ఇంక నేలల ఆగుతున్నది. ఎగిరి చేతికి రావాలె" అన్నాడు. తొమ్మిదో రోజున ఎగిరి వచ్చింది. అప్పుడు అరచేయంత గుంట తవ్వి, నీళ్లు పోసి, పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నీకు గడియారమున్నది గద సాబ్. సూడు."

చూశాను. గంటసేపు గుంటలో నీళ్లు వెంట్రుకవాసి దిగలేదు. అయినా ముడి విప్పనివ్వలేదు. రెండు రోజులకు ఒక పెద్ద వాన పడింది. కింద హాల్లో తూర్పు సగం కప్పు ఎక్కడా చెమ్మగిల్లలేదు. అప్పుడు ఆయన వానలోనే బయటికి పోయి, తడుస్తూ, పోశమ్మ చీర అంచు ముడిని రెండు చేతులతో విప్పాడు. "నేను విప్పుతలేను, వాన విప్పుతున్నది" అని అందరికీ చూపిస్తూ. పడమటి సగానికి ఆడవాళ్లు వేసిన రెండో ముడి తాడు మీద అలాగే ఉంది.

తర్వాత పీర్లు లేచాయి. చెక్కల చప్పుడు ఆగింది. ఆ పది రోజులూ జట్టు ఖాళీగా లేదు. సున్నం నానబెట్టారు, గానుగ ఆడించారు, కంకర కొట్టి కుప్పలు పోశారు, తూర్పు సగం మీద నీళ్లు కట్టి ఉంచారు. ఐదో రోజున ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వచ్చారు.

"కప్పు కొట్టడం ఎందుకు ఆగింది?"

నా ముందు రెండు జవాబులున్నాయి. ఒకటి, మేస్త్రీ ముందే చెప్పాడు సార్, నేనే మీతో చెప్పలేదు. రెండోది, "మేస్త్రీ ఆపాడు సార్." రెండోది చిన్నది. అదే అన్నాను.

"మొత్తం పని ఎంత శాతం అయింది?"

"తొంభై సార్."

జీపు వెళ్లాక మేస్త్రీ షేర్వానీ విప్పుతూ అడిగాడు. "తొంభై అంటె ఏంది సాబ్?"

"నూటికి తొంభై వంతులు అయిపోయిందని."

"సగం కప్పు లేదు గద."

"గోడలు, తలుపులు, గచ్చు నేల అన్నీ కలిపి..."

"వానకు గోడలు, తలుపులు కలిపి చెప్తవా?"

పదో రోజు అయ్యాక పడమటి సగానికి సున్నం పోశారు. ప్రారంభానికి ఐదు రోజులుంది. నాలుగు రోజులు కొట్టారు. ఆడవాళ్లు మధ్యాహ్నం సద్ది కూడా వంతులవారీగా తిన్నారు. నాలుగో రోజు సాయంత్రం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నిచ్చెన ఎక్కి వచ్చి, బూటుతో తొక్కి చూసి అన్నారు.

"చాలు. పైన సిమెంటు పూత వేయించండి. రేపు రంగు కాగితాలు కట్టాలి."

మేస్త్రీ షేర్వానీలోనే ఉన్నాడు. "ఇంకా ఐదు దినాలు కావాలె సాబ్. చెక్క దిగబడుతున్నది. సూడుండ్రి."

"పైన నున్నగా ఉంటే సరిపోతుందయ్యా. కింది నుంచి చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది?"

"కిందికెల్లి సూసేటోల్లకు తెల్వది సాబ్. కింద పండేటోల్లకు తెలుస్తది."

"నీకు ఎక్కువైంది. ఓవర్సీర్, ఈయన చేయకపోతే వేరేవాళ్ల చేత పూయించు."

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను చెక్కల కట్ట వైపు చూశాను. అప్పుడు ఆయన, ఎప్పుడూ వాళ్లు పోయాక విప్పే షేర్వానీని, వాళ్ల ముందరే విప్పాడు. ఉన్న రెండు గుండీలూ నిదానంగా తీసి, మడిచి చంకలో పెట్టుకుని, నిచ్చెన దిగి గల్లీలోకి నడిచాడు. ఆడవాళ్లు చెక్కలు ఎక్కడివక్కడ పెట్టి ఆయన వెనకే దిగారు. పోశమ్మ దిగుతూ అంది: "ముడి మాత్రం నువ్వు ముట్టకు సారూ."

ఆ రాత్రికి రాత్రే వేరేవాళ్లు సిమెంటు పూత పూశారు. మరునాడు పొద్దున రంగు కాగితాలు కట్టేవాళ్లు వచ్చారు. తాడు అడ్డం వస్తోందన్నారు. దాని మీద మిగిలింది ఒకే ముడి. నేనే విప్పాను. విప్పి, తాడు చుట్టచుట్టి మూల పడేశాను. ఇంత చదువుకున్నవాడికి ఒక చీర పీలిక ఏమిటనుకున్నాను. ఆ క్షణాన నాకేమీ అనిపించలేదు. నేను ఇప్పుడు కోప్పడేది దానికే.

ప్రారంభం బాగా జరిగింది. పెద్దమనిషి గడువులోపల పని పూర్తిచేసిన ఇంజనీర్లను మెచ్చుకున్నాడు. నా పటానికి పూలదండ వేశారు. నిజంగానే వేశారు, పటానికి.

పదిహేను రోజులకు ఆగకుండా వాన పట్టింది. దూలానికి పడమట ఆరు మంచాల మీదా కారింది. పచ్చి బాలింతలు, చంకలో రోజుల పిల్లలు. ఒకావిడ పసిపాప మీద ఇత్తడి తాంబాళం బోర్లించి పట్టుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికి ఆమె చెయ్యి తిమ్మిరెక్కి దించలేకపోతోంది. అందర్నీ తూర్పు వైపుకు మార్చారు. ఒక్కో మంచానికి ఇద్దరు తల్లులు, ఇద్దరు పిల్లలు. తూర్పు వైపు ఒక్క చుక్క పడలేదు.

రిపోర్టు అడిగారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు నన్ను కూర్చోబెట్టి, "ఎవరి ఉద్యోగమూ పోకుండా రాయి బాబూ" అన్నారు. మేస్త్రీది ఉద్యోగం కాదు కాబట్టి ఆయన ఆ లెక్కలోకి రాలేదు. ఇంగ్లీషులో మూడు పేరాలు రాశాను. భాష చాలా బాగుందన్నారు. ఆ ఏడాది నా సర్వీసు రికార్డులో మంచి రిమార్కు పడింది. మేస్త్రీ పేరు, సర్కారు పనుల్లో పెట్టుకోకూడని వాళ్ల జాబితాలోకి వెళ్లింది.

ఆయనకు ఆ సంగతి రెండు నెలలకు తెలిసింది, ఇంకో చోట పనికి పోతే గేటు దగ్గరే వద్దన్నప్పుడు. నాకు కబురు పెట్టాడు. రిపోర్టు నకలు తెచ్చి చదివి వినిపించమని. తప్పించుకోవచ్చు, ఎందుకో తప్పించుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫలక్‌నుమాలో పట్టాల వెనక ఆయన ఇంటికి వెళ్లాను. ఒక గది, ముందు రేకుల పంచ. ఆయన ఆ రేకులను కూడా కొట్టి చూసే ఉంటాడు. నులక మంచం మీద నన్ను కూర్చోబెట్టి తాను గడప మీద కూర్చున్నాడు.

"సదువు."

చదివాను.

"ఇంగిలీసుల గాదు. నాకు సమజయ్యెటట్టు."

తెలుగులో చెప్పాను. మేస్త్రీ అనుమతి లేకుండా పది రోజులు పని ఆపాడు. తర్వాత అజాగ్రత్తగా కొట్టించాడు. పని నడుమ విడిచిపెట్టి పోయాడు. అందువల్ల కప్పు కారింది. ఒక్కొక్క వాక్యం ఆయన మొహం ముందు తెలుగులోకి వస్తుంటే, ఇంగ్లీషులో ఉన్నప్పుడు అది అంత సిగ్గులేనిదిగా నాకు ఎలా కనిపించలేదో అర్థం కాలేదు.

"తూర్పు దిక్కు కారిందా?"

"లేదు."

"అది రాసినవా?"

"లేదు."

"ఎందుకు రాయలే?"

"ఎవరూ అడగలే."

"నేను పీర్ల సంగతి చెప్పిన్నాడు నన్నెవరన్న అడిగిండ్రా? అడగకున్న చెప్పిన గద!" మొదటిసారి ఆయన గొంతు లేచింది. రైలు పోతున్నా వినిపించేంత లేచింది. "నా తండ్రి ఏసిన కప్పులున్నయి ఈ ఊర్ల. నేనేసినయున్నయి. ఒక్కటి కారిందని ఎవ్వడన్న వచ్చి నా ఇంటి ముందట నిలవడ్డడా? గిప్పుడు నువ్వు రాసినవు. రాయి మీద రాసినట్టు రాసినవు."

"మాఫ్ చెయ్యి మేస్త్రీ. నేను..."

"నోటితోటి నాకెందుకు చెప్తవు? నోటితోటి తిట్టినవా? కాగితం మీద రాసినవు. కాగితం మీదనే తుడువు."

లేచాను. గడప దాటుతుంటే ఆయన చెయ్యి లేచింది, వేలు వంగి, కణుపు ముందుకు వచ్చి, నా ఛాతీకి బెత్తెడు దూరంలో ఆగింది. కొట్టలేదు. కొట్టి వినాల్సిన అవసరం లేదనుకున్నాడేమో.

మరునాడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి గదిలోకి వెళ్లి తూర్పు సగం సంగతి ఎత్తాను. "ఆ పని పూర్తయింది, ఫైలు మూశాం. పూర్తయిన ప్రాజెక్టును మళ్లీ తెరుస్తారా ఎవరైనా?" అన్నారు. సరే సార్ అని బయటికి వచ్చాను. తర్వాత నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు ప్రయత్నించానో కూడా వరుసగా రాద్దామని చూశాను. ఆ ఒక్కటే.

ఆయన చిన్నచిన్న ఇళ్లకు గోడలు పూశాడట. తర్వాత అదీ లేదు. సిమెంటు కప్పులొచ్చాయి, కొట్టేవాళ్లు అక్కర్లేదు అని ఇప్పుడు అందరూ అంటారు. అది వేరే సంగతి. దాని చాటున నేను దాక్కోను. పని తగ్గి పోయిన మేస్త్రీలు వేరు, గేటు దగ్గర పేరు చదివి వెనక్కి పంపిన మేస్త్రీ వేరు.

నిన్న ఆదివారం. ఆ వార్డుకు వెళ్లాను. దూలానికి పడమటి వైపు కప్పు గోధుమరంగు మరకలతో నిండి ఉంది. ఆ మరకలు దూలం దాకా వచ్చి, గీత గీసినట్టు అక్కడే ఆగాయి. దూలానికి తూర్పున సున్నం వేసిన నాటి తెలుపు. ఈ నాలుగేళ్లలో ఆ కప్పు కింద నుంచి ఎందరు ఇంజనీర్లు నడిచి ఉంటారు! తల ఎత్తితే చాలు, చదువు కూడా అక్కర్లేదు. నర్సమ్మను అడిగితే, "వానాకాలం ఆ దిక్కు మంచాలు వెయ్యం సార్. ఈ దిక్కే ఇద్దరిద్దర్ని పండబెడుతం" అంది, ఎప్పటినుంచో ఉన్న పద్ధతి చెప్పినట్టు.

ఇంటికొచ్చి ఫారం ముందు పెట్టుకున్నాను.

పని ఎంతవరకు అన్న గడిలో, పన్నెండు మంచాల మీద వాన పడకుండా ఉండేంతవరకు అని రాశాను. దేని తర్వాత ఏది అన్న చోట, పీర్ల పండుగ తర్వాత పడమటి సగం; ఈ సంగతి ముందే నాకు చెప్పబడింది, నేను పైకి చెప్పలేదు అని రాశాను. ఎన్ని రోజులు: కొట్టేవాళ్లు చెప్పినవి తొమ్మిది, మేము ఇచ్చినవి నాలుగు. ఎవరి బాధ్యత అన్న గడి చిన్నది. తూర్పు సగానికి ఎదురుగా ఆయన పేరు రాశాను. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఒక్క అక్షరం కుదించకుండా. పడమటి సగానికి ఎదురుగా నా పేరు.

ఐదో గడి. పూర్తయిందని ఎవరు తేల్చారు? తూర్పు సగం పూర్తయింది, వాన తేల్చింది. పడమటి సగం పూర్తి కాలేదు, ముడి నేను విప్పాను. నాలుగేళ్ల కింద నా సంతకంతో వెళ్లిన రిపోర్టులో మేస్త్రీ గురించి రాసిన మూడు పేరాలూ అబద్ధం.

ఇవన్నీ ఎవరూ అడగలేదు. పదిన్నరకు ఆఫీసు తెరుస్తారు. ఇచ్చి వస్తాను.